సీసపు గుండు నిండకపోతే దోషం ఎక్కడుంది?



ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో పడవలకు వేట నిషేధం ఉంటుంది. పడవలు ఒడ్డున ఉన్నా చేతులు ఖాళీగా ఉండవు. చిరిగిన వలలు బాగుచేయడం, తాళ్లు మార్చడం, రాలిపోయిన సీసపు గుండ్లకు బదులు కొత్తవి పోసుకోవడం ఈ రోజుల్లోనే జరుగుతుంది. చెరువుల్లో, కాలువల్లో విసురువల వేసేవారు కూడా కొందరు ఇంటి దగ్గరే సీసం కరిగించుకుంటారు. గిన్నె, పొయ్యి, అచ్చు ఉంటే పూట పని.

ఆసుపత్రి పత్రికలో వలగుండ్ల పాఠం ఏమిటని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాము. గుండు అచ్చులో సగమే నిండినా, ముడతలు పడినా, బుడగలతో వచ్చినా చాలామంది చేసే మొదటి పని మంట పెంచడం. రెండవ పని, చెడిన గుండ్లను మళ్లీ గిన్నెలో వేసి కరిగించడం. ఈ రెండు పనుల వలన ఇంట్లోకి వచ్చే సీసపు పొగ, సీసపు దుమ్ము ఎక్కువవుతాయి. అవి ముందుగా చేరేది నేలమీద పాకే పసిబిడ్డ చేతికి. కనుక గుండు ఎందుకు నిండదో తెలిసిన ఇంట్లో పని త్వరగా ముగుస్తుంది, బిడ్డకు ప్రమాదమూ తగ్గుతుంది. అందుకే ఈ రెండు సంగతులనూ ఒకే పాఠంగా నేర్చుకుందాము.

మొదట ఒక మాట. గుండ్లు దుకాణంలో తయారుగా దొరికితే కొనుక్కోవడమే మంచిది. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో సీసం కరిగించవద్దనే మేము చెబుతాము. అయినా పోసుకోక తప్పనివారు ఉన్నారు. ఈ పాఠం వారి కొరకు.

సీసం గుణం తెలుసుకుందాము

సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరుగుతుంది. గుండ్లు పోయడానికి 350 నుండి 400 డిగ్రీల వేడి సరిపోతుంది. 500 డిగ్రీలు దాటితే కంటికి కనిపించని సన్నని సీసపు పొగ బాగా లేవడం మొదలవుతుంది. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుండి రక్తంలోకి వెళుతుంది.

ఇంట్లో వేడిని కొలవడం ఎట్లా? జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు. పోతపనివారు వాడే ఇనుప కాడ థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే ఈ గుర్తులు చూడండి. గిన్నె అడుగు ఎర్రగా కనిపించిందంటే 500 డిగ్రీలు దాటినట్లే. వెంటనే మంట తగ్గించాలి. కరిగిన సీసం పైభాగం వెండిలా మెరుస్తూ ఉండి, తుడిచిన కొద్దిసేపటికే పసుపు, ఊదా రంగులు తిరుగుతుంటే వేడి ఎక్కువైందని అర్థం. పైన బూడిదరంగు తెట్టు తీసేకొద్దీ గబగబా కడుతుంటే అది కూడా వేడి ఎక్కువైన గుర్తే.

ఆ తెట్టును తేలికగా చూడవద్దు. అది సీసం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన పొడి. సీసపు ముద్దకంటే ఈ పొడి చాలా సులభంగా దేహంలోకి వెళుతుంది. ఇంట్లో జరిగే హానిలో ఎక్కువ భాగం ఈ పొడి వలననే.

గుండు నిండకపోవడానికి కారణాలు, సరిచేసే విధం

1. అచ్చు చల్లగా ఉండడం. చాలాసార్లు అసలు కారణం ఇదే. గుండు మీద పాలమీగడకు పడినట్లు ముడతలు ఉంటాయి. అంచులు గుండ్రంగా మొద్దుబారి ఉంటాయి. కొన్నిసార్లు రెండు ముక్కలు అతికినట్లు మధ్యలో గీత కనిపిస్తుంది. సీసం చల్లని ఇనుమును తాకగానే గడ్డకట్టి, వెనుక వచ్చే సీసానికి దారి ఇవ్వదు. పొయ్యి మంట ఎంత పెంచినా ఈ దోషం పూర్తిగా పోదు. ఇనుప అచ్చును ముందుగా పొయ్యి ప్రక్కన పెట్టి బాగా వేడెక్కనివ్వాలి. మొదట పోసిన నాలుగైదు గుండ్లు అచ్చును వేడిచేయడానికే అనుకోవాలి. ఆ తరువాత ఆలస్యం లేకుండా ఒకటి తరువాత ఒకటి పోస్తూ ఉంటే అచ్చు వేడి నిలుస్తుంది. మధ్యలో టీ తాగడానికి లేచి వెళితే అచ్చు చల్లారుతుంది, ముడతలు మళ్లీ వస్తాయి. పని దగ్గర టీ తాగకూడదనడానికి ఇదొక కారణం. రెండవ కారణం ముందు ముందు చెబుతాము.

2. గరిటె చల్లగా ఉండడం. గిన్నెలో సీసం సరిగానే ఉన్నా, చల్లని చిన్న గరిటెతో తీసి అచ్చు దగ్గరకు తెచ్చేలోపు అది చిక్కబడుతుంది. గరిటెను కొంతసేపు గిన్నెలోనే ఉంచి వేడెక్కనివ్వాలి. అచ్చును గిన్నెకు దగ్గరగా పెట్టుకోవాలి.

3. పోత తెగిపోవడం. కొద్దికొద్దిగా, ఆగి ఆగి పోస్తే ముందు పడినది గడ్డకడుతుంది, తరువాత పడినది దానితో అతకదు. ఒక్క ధారగా, మరీ వేగం లేకుండా, ఆపకుండా పోయాలి. సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది. అందువలన అచ్చు నోటిమీద కొంచెం సీసం పొంగి నిలిచేటట్లు పోయాలి. లోపల తగ్గినది ఆ మిగులు నుండి నిండుతుంది. ఆ మిగులు లేకపోతే గుండు పైభాగంలో గుంట పడుతుంది.

4. గాలి బయటకు పోయే దారి లేకపోవడం. ఒక మూల ఎప్పుడూ ఒకే చోట నిండకపోతే ఇదే కారణమని అనుకోవచ్చు. సీసం లోపలికి రావాలంటే గాలి బయటకు పోవాలి. అచ్చు రెండు భాగాలు కలిసే చోట మసి, పాత సీసపు పొర పట్టి సన్నని సందులు మూసుకుపోతాయి. అచ్చు చల్లారిన తరువాత, తడిగుడ్డతో ఆ మసిని తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. అచ్చును మరీ గట్టిగా బిగించినా గాలి పోదు.

5. నూనె, గ్రీజు. తుప్పు పట్టకుండా అచ్చుకు నూనె రాసి దాచినవారు, దానిని తీయకుండానే సీసం పోస్తారు. నూనె మండి ఆవిరై బుడగలు, ముడతలు వేస్తుంది. సబ్బునీటితో కడిగి, ఎండలో ఆరబెట్టి, పొయ్యి ప్రక్కన వేడిచేసిన తరువాతనే వాడాలి.

6. సీసంలో వేరే లోహం కలవడం. తుక్కు దుకాణంలో కొన్న సీసంలో జింకు ముక్కలు ఉండవచ్చు. కారు చక్రాలకు సరితూకం కొరకు వేసే బిళ్లలు ఒకప్పుడు ఎక్కువగా సీసంవి. ఇప్పుడు ఇనుపవి, జింకువి కూడా వస్తున్నాయి. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది. వేడి అంతకు తక్కువగా ఉంచితే జింకు ముక్క కరగకుండా పైన తేలుతుంది, గరిటెతో తీసి పక్కన పెట్టవచ్చు. మంట పెంచితే అది కూడా కరిగి సీసంలో కలుస్తుంది. అప్పుడు సీసం జావలా గడ్డలు గడ్డలుగా మారి అచ్చులో నిండదు. చూశారా, నిండలేదని పెంచిన మంటే నిండకుండా చేసింది. అటువంటి సీసాన్ని బాగుచేయాలని గంటలకొద్దీ కాచవద్దు. పక్కన పెట్టి తిరిగి అమ్మివేయండి.

7. సీసమే చల్లగా ఉండడం. పై ఆరు కారణాలు చూసుకున్న తరువాతనే దీని సంగతి చూడాలి. గరిటెకు సీసం అంటుకుని గడ్డకడుతుంటే, ధార చిక్కగా పడుతుంటే మంట కొంచెం పెంచి ఐదు నిమిషాలు ఆగండి. మంట పెంచడానికి హద్దు గిన్నె అడుగు రంగు. అది ఎర్రబడకూడదు.

వేడి మరీ ఎక్కువైతే గుండు వేరే విధంగా కనిపిస్తుంది. ముడతలు ఉండవు గాని మెరుపు పోయి, మంచు పట్టినట్లు తెల్లగా గరుకుగా ఉంటుంది. అచ్చులో గడ్డకట్టడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. ముడత అంటే చలి, గరుకు అంటే వేడి. ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంటే సగం పాఠం వచ్చినట్లే.

మళ్లీ కరిగించవలసినది ఎన్ని?

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. గుండు అందంగా లేకపోతే నష్టమేమిటి? నగకు మెరుపు కావాలి. వలగుండుకు కావలసినది బరువు. ముడతపడిన గుండు కూడా వలను ముంచుతుంది. మెరుపు లేని గుండు కూడా నీటిలో అదే పని చేస్తుంది.

పనికిరాని గుండ్లు మూడే రకాలు. తాడు వెళ్లే రంధ్రం మూసుకుపోయినది, వల దారాన్ని కోసే వాడి అంచు ఉన్నది, బరువు బాగా తగ్గినది. ఈ మూడింటినే తిరిగి కరిగించాలి. మిగిలినవి వలకు కట్టుకోండి. సీసం కరిగించిన ప్రతిసారీ కొంత తెట్టుగా మారిపోతుంది. అంటే మీ డబ్బు పోతుంది, ఇంట్లో పొడి పెరుగుతుంది.

వాడి అంచును ఆకురాయితో రాకవద్దు. రాకితే వచ్చే పొడి చాపకు, చీరకు, చేతులకు అంటుకుంటుంది. చాకుతో ముక్కగా కోసి, ఆ ముక్కను డబ్బాలో వేయండి.

తడి తగిలితే

కరిగిన సీసం క్రిందకు ఒక్క నీటి బొట్టు చేరినా అది క్షణంలో ఆవిరై 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ తోపుకు సీసం గిన్నెలో నుండి ఎగిరి ముఖం మీద, కళ్లలో పడుతుంది. పాత వల నుండి విప్పిన గుండ్ల రంధ్రాల్లో నీరు, తడి ఇసుక, నాచు ఉంటాయి. వాటిని రెండు మూడు రోజులు ఎండలో ఆరనివ్వాలి. కరిగిన సీసంలో కొత్త ముక్కలు ఎప్పుడూ పడవేయవద్దు. ముక్కలన్నీ చల్లని గిన్నెలో వేసి, ఆ తరువాతనే పొయ్యి వెలిగించాలి. మట్టి అచ్చు, రాతి అచ్చు, ఇటుకలో చెక్కిన అచ్చు తడిని లోపల దాచుకుంటాయి. తడి ఇసుకలో పోయడం మరీ ప్రమాదం. చెమట బొట్టు గిన్నెలో పడకుండా తలకు గుడ్డ కట్టుకోండి. వాన మబ్బు పడితే పని ఆపండి.

గిన్నె ఇనుపదిగాని స్టీలుదిగాని అయి ఉండాలి. అల్యూమినియం గిన్నె ఎక్కువ వేడికి మెత్తబడి బరువు ఆపలేదు. ఒకసారి సీసానికి వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. వాటికి ఎర్ర రంగు గుర్తు వేసి విడిగా దాచండి. ఎంత తోమినా వంటకు పనికిరావు.

దేహంలోకి ఎట్లా వెళుతుంది?

సీసపు గుండును చేత్తో పట్టుకుంటే చర్మం గుండా దేహంలోకి వెళ్లేది చాలా తక్కువ. అది నోటి ద్వారా, ఊపిరి ద్వారా వెళుతుంది. పని చేసిన చేతితో బీడీ కాల్చడం, కిళ్లీ వేసుకోవడం, టీ గ్లాసు పట్టుకోవడం వలన పొడి నోట్లోకి చేరుతుంది. టీ సంగతికి రెండవ కారణం ఇదే. పని చేసిన లుంగీతోనే బిడ్డను ఎత్తుకుంటే ఆ పొడి బిడ్డ చేతికి, ఆ చేతి నుండి నోటికి వెళుతుంది.

మ్రింగిన సీసంలో పెద్దవారి దేహం పట్టుకునే దానికంటే చిన్నపిల్లల దేహం నాలుగైదు రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. రక్తహీనత ఉన్న బిడ్డ, సరిగా తినని బిడ్డ ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. ఎదిగే మెదడు మీద సీసం పని చేస్తుంది. చదువులో వెనుకబడడం, మాట ఆలస్యం కావడం, నిలకడ లేకపోవడం, చిరాకు వంటివి కనిపిస్తాయి. ఎక్కువైతే వాంతులు, మూర్ఛలు, స్పృహ తప్పడం జరిగి ప్రాణం పోవచ్చు. మెదడుకు జరిగిన నష్టం చాలావరకు తిరిగి రాదు.

దేహంలో చేరిన సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లో సంవత్సరాల తరబడి దాగి ఉంటుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు ఎముకల నుండి రక్తంలోకి, రక్తం నుండి కడుపులోని శిశువుకు చేరుతుంది. అందుకే పెండ్లికాని ఆడపిల్లలను కూడా ఈ పనికి కూర్చోబెట్టవద్దని చెబుతున్నాము.

ఇది ఎంతవరకు వెళ్లగలదో చూపే సంగతి ఒకటి ఉంది. ఆఫ్రికాలోని సెనెగల్ దేశ రాజధాని డకార్ ప్రక్కన తియారోయ్ సుర్ మేర్ అనే సముద్రతీరపు పేట ఉంది. అక్కడి కమ్మరులు పాత కారు బ్యాటరీల నుండి సీసం తీసి చేపల వలలకు గుండ్లు పోసేవారు. సంవత్సరాల తరబడి ఆ పొడి ఇసుకలో కలిసిపోయింది. సీసానికి ధర పెరిగిన తరువాత ఆ ఇసుకను జల్లెడపట్టి సీసపు ముక్కలు ఏరి అమ్మడం మొదలైంది. తల్లులు ఆ పని చేస్తుంటే బిడ్డలు ప్రక్కనే ఉన్నారు. 2007 నవంబరు నుండి 2008 మార్చి వరకు ఆ పేటలో 18 మంది పిల్లలు మరణించారు. మరణించిన బిడ్డల తోబుట్టువుల రక్తంలో, తల్లుల రక్తంలో కూడా సీసం చాలా ఎక్కువగా ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పాల్గొన్న పరిశోధనలో తేలింది. వారూ మనవంటి వేట కుటుంబాల మధ్య నివసించినవారే.

బ్యాటరీ జోలికి వెళ్లవద్దు

పాత బ్యాటరీ పగులగొడితే సీసం ఉచితంగా దొరుకుతుందని కొందరు అనుకుంటారు. దానిలోని ఆమ్లం చర్మాన్ని, కళ్లను కాల్చుతుంది. పలకల మధ్య ఉండే మెత్తటి ముద్ద ఎండితే సన్నని సీసపు దుమ్ము అవుతుంది. పలకల్లో ఆంటిమొనీ, ఆర్సెనిక్ వంటివి కూడా ఉండవచ్చు. వాటి తెట్టుకు తడి తగిలితే ప్రాణాంతకమైన విషవాయువులు పుట్టగలవు. పాత బ్యాటరీని కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. పాత బ్యాటరీల సేకరణ గురించి మన దేశంలో 2001లోనే నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2022లో కొత్త నియమాలు వచ్చాయి. ఇంట్లో బ్యాటరీ పగులగొట్టడం ఏ విధంగానూ తగదు.

పని చేసేటప్పుడు పాటించవలసినవి

1. ఇంట్లో, వరండాలో, వంటింటి పొయ్యి మీద వద్దు. ఇంటికి, బావికి, పశువుల కొట్టానికి దూరంగా ఆరుబయట చేయండి. గాలి మీ వెనుక నుండి వీచేటట్లు కూర్చోండి.

2. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దగ్గరకు రాకూడదు. చూడడానికి కూడా వద్దు.

3. పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. వట్టి కాళ్లతో, లుంగీతో కూర్చోవద్దు. ముఖానికి కట్టిన చేతిరుమాలు సీసపు పొగను ఆపదు.

4. నోటితోగాని ఊదురుగొట్టంతోగాని గిన్నె మీద తెట్టును ఊదవద్దు. గరిటెతో మెల్లగా తీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. నేలమీద విదిలించవద్దు.

5. పని అయిన తరువాత చీపురుతో ఊడ్వవద్దు. పొడి లేస్తుంది. తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కూడా డబ్బాలోనే వేయండి. తెట్టును కాలువలో, చెరువులో, పెరట్లో పారవేయవద్దు. సీసం తిరిగి శుద్ధిచేసే అనుమతి ఉన్నవారికి చేరేటట్లు తుక్కు వ్యాపారికి ఇవ్వండి.

6. చేతులు, ముఖం సబ్బుతో కడిగి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్న తరువాతనే బిడ్డను ఎత్తుకోండి, అన్నం ముట్టండి. ఆ బట్టలను విడిగా ఉతకాలి.

7. చెడిన గుండ్లను పిల్లలకు గోళీలుగా ఇవ్వవద్దు. గాలపు తాడుకు చిన్న గుండును పళ్లతో నొక్కవద్దు.

కాలినప్పుడు

సీసం చర్మం మీద పడితే వెంటనే గాయాన్ని చల్లని పారే నీటి క్రింద 20 నిమిషాలు ఉంచండి. అంటుకున్న సీసాన్ని, బట్టను లాగవద్దు. చర్మం కూడా వస్తుంది. టూత్‌పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు ఏదీ రాయవద్దు. మంచుగడ్డ పెట్టవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకురండి. కంటిలో పడితే నలపవద్దు. నీటితో కడుగుతూనే ఆలస్యం లేకుండా కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ఏ గుర్తులు చూసి ఆసుపత్రికి రావాలి?

పెద్దవారిలో: విడవని కడుపునొప్పి, మలబద్ధకం, తలనొప్పి, కీళ్లనొప్పులు, నిస్సత్తువ, పాలిపోవడం, చిగుళ్ల అంచున నీలపు గీత, మణికట్టు పైకి లేవక వ్రేలాడడం. రక్తపోటు పెరగవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు.

పిల్లల్లో: ఆకలి లేకపోవడం, తరచు కడుపునొప్పి, వాంతులు, చిరాకు, మట్టి తినే అలవాటు, చదువులో వెనుకబడడం. మూర్ఛ వస్తే గంట కూడా ఆగవద్దు.

చాలామంది పిల్లల్లో ఏ గుర్తూ కనిపించదు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందుకే డాక్టరుగారు అడగకపోయినా "మా ఇంట్లో సీసం కరిగిస్తాము" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట లేకపోతే నులిపురుగుల మందు, గ్యాసు మందు వాడుతూ నెలలు గడిచిపోతాయి.

రక్తంలో ఇంత సీసం వరకు ఫరవాలేదని చెప్పదగిన కొలత లేదు. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుండి వస్తున్నదో కనుగొని ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. పిల్లల్లో 45 దాటితే సీసాన్ని బయటకు పంపే మందులు అవసరమవుతాయి. ఏ మందు వాడినా, ఇంట్లో పొడి అట్లాగే ఉంటే సీసం తిరిగి చేరుతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

"సిస్టరమ్మా, పాలు తాగితే, బెల్లం తింటే సీసం పోతుందా?"
పోదు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, గుడ్లు, పప్పులు క్రమంగా తినే బిడ్డ దేహం సీసాన్ని తక్కువగా పట్టుకుంటుంది. అది మేలే. కాని గ్లాసెడు పాలు తాగి పొగలో కూర్చోవడం కాపుదల కాదు.

"మా తాతగారు, మా నాన్నగారు జీవితమంతా గుండ్లు పోశారండి. వారికేమీ కాలేదే?"
సీసం ఒక్క రోజులో పడగొట్టేది కాదు. వారి రక్తపోటు, కడుపునొప్పి, పిల్లల చదువు వెనుక ఏముందో ఆ రోజుల్లో ఎవరూ పరీక్షించలేదు.

"బిడ్డ గుండు మ్రింగేశాడమ్మా, అరటిపండు పెడితే పోతుందా?"
వేచి చూడవద్దు. వాంతి చేయించవద్దు. వెంటనే తీసుకురండి. ఎక్స్‌రే తీసి ఎక్కడుందో చూడాలి. కడుపులో నిలిచిన సీసం కరుగుతూ రక్తంలో చేరుతుంది.

"బాలింతనండి, మా ఆయన గుండ్లు పోస్తాడు. బిడ్డకు పాలివ్వడం మానాలా?"
మీ అంతట మీరు మానవద్దు. మీరు పనికి దూరంగా ఉండి, రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరుగారి మాట ప్రకారం చేయండి. చాలామంది తల్లులు నిశ్చింతగా పాలివ్వవచ్చు.

"సీసం కాకుండా వేరేవి లేవా సిస్టర్ గారూ?"
ఉన్నాయి. కొన్ని రకాల వలలకు ఇనుప గొలుసు కడతారు. కాల్చిన మట్టి గుండ్లు ఎంతో పూర్వకాలం నుండి వాడుకలో ఉన్నవే. మీ వలకు, మీ నీటి లోతుకు ఏది సరిపోతుందో మీ పెద్దలకే బాగా తెలుసు. వారితో కూర్చుని మాట్లాడండి.

జ్ఞాపకముంచుకోవలసినవి

గుండు నిండకపోతే ముందు అచ్చును చూడండి, తరువాత గరిటెను, తరువాత సీసాన్ని, చివరకు మంటను. ముడత అంటే చలి, గరుకు అంటే వేడి. గిన్నె అడుగు ఎర్రబడకూడదు. తడి దగ్గరకు రాకూడదు. బరువు సరిపోతే ముడతపడిన గుండును కరిగించవద్దు. తెట్టు డబ్బాలోకి, గిన్నె విడిగా, బట్టలు వేరుగా. బిడ్డ పనికి దూరంగా.

ఈ సీజనులో మీ ఇంట్లో సీసం కరిగించినట్లయితే, ఐదు సంవత్సరాలలోపు బిడ్డలనూ గర్భిణులనూ మా ఔట్‌పేషెంటు విభాగానికి తీసుకురండి. పని ఎక్కడ చేశారో, ఏ గిన్నె వాడారో, తెట్టు ఎక్కడ వేశారో చెప్పండి. మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. మీ బిడ్డకు పరీక్ష అవసరమో కాదో చెప్పడానికి మాకు ఆ వివరాలు కావాలి.